షెల్టరు మూల వంపు

ఆదివారం పదకొండు కొట్టేసరికి పదో అంతస్తులో రొహానీ పొయ్యి కట్టేసి, కూర గిన్నె దించి నేల మీద పెడుతుంది. పధ్నాలుగేళ్ళ అలవాటు. సరిగ్గా ఆవిడ నెత్తిమీద, పదకొండో అంతస్తు ఫ్లాటులో, పరశురాముడు రైలు నడిపే వేళ అది.

రైలంటే బొమ్మ రైలే. ఇంజను అరచేతిలో ఇమిడిపోతుంది. వెనక ఆరు పెట్టెలు. హాలు చుట్టూ నడుమెత్తున సన్నటి చెక్క బల్ల వేసి దాని మీద పట్టాలు పరిచాడు. రైలు కిటికీ కింద బయల్దేరుతుంది. టీవీ ముందున్న వంతెన దాటి, దేవుడి అలమర పక్కనుంచి వెళ్ళి, బాంబు షెల్టరు మూల తిరిగి, వీధి తలుపు మీదుగా మళ్ళీ కిటికీ కిందికి వచ్చేస్తుంది. మనుషులు వచ్చిపోవడానికి తలుపు దగ్గర బల్ల ముక్క పైకి లేస్తుంది, రైలు నడపాలంటే దాన్ని దించాలి. రైలు తిరుగుతుండగా ఎవరొచ్చినా సరే, ఇనప గేటు బయట నిలబడాల్సిందే.

రైలు కదిలిందంటే హాల్లో ఉన్నవాళ్ళు అందులో కూర్చున్నట్టే. బయల్దేరేటప్పుడు వీపు కుర్చీకి ఆనుకుంటుంది. వంతెన మీద అరికాళ్ళలో దడదడ మొదలవుతుంది. వంపు తిరిగేటప్పుడు ఒళ్ళు పక్కకి ఒరుగుతుంది, గ్లాసులో మజ్జిగ కూడా ఒరుగుతుంది. కింది ఫ్లాటుకీ పై ఫ్లాటుకీ ఇందులో కొంత చేరుతుంది. ఒకళ్ళింట్లో గాలి బాగా వస్తుంది, ఇంకొకళ్ళింట్లో ఎండ బాగా పడుతుంది. ఈ ఇంట్లో రైలు తగులుతుంది. అంతకు మించి ఆ బ్లాకులో ఎవరూ ఆలోచించలేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి గౌరమ్మే చెప్పేది, "ఆ మూల కాడికొచ్చీసరికి కుర్సీ గట్టిగా అట్టుకోండి, అంతే" అని.

గౌరమ్మ పరశురాముడి భార్య. ఆవిడ ఎప్పుడూ ఏదీ పట్టుకునేది కాదు. పీట మీద కూర్చుని కచంగ్ చిక్కుళ్ళు తరుగుతూ, రైలు దేవుడి అలమర దాటగానే కాలి బొటనవేలు సోఫా కోడుకి మెలిపెట్టేది. చేతిలో చాకు ఆగేది కాదు. మూల దాటగానే వేలు విప్పేసేది. బొటనవేలికి ఉన్నంత రైలు అనుభవం ఆ ఇంట్లో ఇంకెవరికీ లేదని నవ్వేది.

ఎందుకంటే ఆ షెల్టరు మూలలో కుదుపు ఉంది. మిగతా మూడు మూలలూ వెన్నలా తిరుగుతాయి. ఇక్కడ మాత్రం వంపు సగంలో టక్కుమని ఒక్క ఈడ్పు. హాలు హాలంతా జానెడు పక్కకి జరిగినట్టుంటుంది. దేవుడి పటాలు గోడకేసి కొట్టుకుంటాయి. కింద రొహానీ గిన్నెలకి తగిలేదీ ఈ ఈడ్పే.

ఆ మూల సంగతి కొంచెం చెప్పాలి. బాంబులు పడితే దాక్కోవడానికి ఫ్లాటులోనే కట్టి ఇచ్చిన గది ఆ షెల్టరు. దాని తలుపు ఉక్కుది, మందంగా ఉండి బయటికి తెరుచుకుంటుంది. దానికి దారి వదలాలి. ఆ గోడకి మేకు కొట్టకూడదు, రూలు. అందుకని బల్లని అక్కడ కాళ్ళ మీద నిలబెట్టి, తలుపు తెరుచుకునే మేర లోపలికి నొక్కి వంపు తిప్పాడు. ఉన్న నాలుగింటిలో బిగువైన వంపు అది. గజం పొడవు పట్టాలు రెండు పడతాయి. అతుకు సరిగ్గా వంపు నడుమకి వస్తుంది. కుదుపూ అక్కడే.

పరశురాముడు పట్టాలు తెలియని మనిషి కాదు. మలయు దేశపు పెరాక్‌లో రబ్బరు తోటలో పుట్టాడు. వాళ్ళ తాత విశాఖపట్నం జిల్లా నుంచి ఓడెక్కి వచ్చినవాడు. తండ్రి తోట వదిలి రైలు పట్టాలు వేసే గ్యాంగులో చేరాడు. పరశురాముడు పందొమ్మిదో ఏట అదే గ్యాంగులో చేరి, మేస్త్రీ అయి, ఆఖరి పదిహేనేళ్ళు తంజోంగ్ పగార్ స్టేషనుకి వచ్చే లైను చూశాడు. ఎడమచేతి ఉంగరం వేలికి పై కణుపు లేదు, అది జోహోర్‌లో ఏదో స్లీపరు కింద ఉండిపోయింది. ముప్పై ఆరేళ్ళలో అతని వంపు మీద ఒక్క బండి కూడా పట్టా తప్పలేదు. ఈ మాట అతను చెప్పగా వినని మనిషి ఇప్పుడు ఇల్లున్న పాసిర్ రిస్ కాఫీ షాపుల్లో దొరకడు.

అతను రిటైరైన కొన్నేళ్ళకి ఆ లైను మూసేశారు. పట్టాలు ఊడదీస్తుంటే రోజూ వెళ్ళి చూసి వచ్చాడు. లారీల మీద వేసుకుపోతున్న పట్టాల్లో వంపుల్లోవి ఏవో తిన్నటి దారిలోవి ఏవో దూరం నుంచే చెప్పేవాడు. అన్నేళ్ళు వంపులో ఉన్న పట్టా ఊడదీశాక కూడా వంగే ఉంటుంది, లారీలో పడుకున్నా వంగే పడుకుంటుంది. అది చూసి ఇంటికి వచ్చి, ఆ నెలలోనే ఈ బల్ల మొదలుపెట్టాడు. షాపువాడు ఇచ్చిన పట్టాని ఫ్లెక్సీ అంటారు. ప్లాస్టిక్ స్లీపర్ల మీద సన్నటి పట్టాలు రెండుంటాయి, ఎటు వంచితే అటు వంగుతాయి. పరశురాముడికి మొదటి రోజు నవ్వొచ్చింది. పన్నెండు మంది గునపాలేసి కేకలు పెడుతూ జరిపే వంపుని రెండు వేళ్ళతో తిప్పేయడం!

కానీ ఆ రెండు వేళ్ళ వంపు పధ్నాలుగేళ్ళుగా అతన్ని ఏడిపిస్తోంది. ఎన్నిసార్లు ఊడదీసి వేశాడో లెక్కలేదు.

కొడుకు కేశవ్ ఆదివారాలు ఊళ్ళోనే ఉన్న సెరంగూన్ నుంచి భోజనానికి వచ్చేవాడు. షిప్పింగ్ కంపెనీలో ఆఫీసరు, యాభై ఏళ్ళవాడు, చొక్కా మడత నలగనివ్వని మనిషి. అతనికి రైలు పడదు. తిన్నటి దారిలోనే ముఖం పాలిపోతుంది. షెల్టరు మూల వస్తోందంటే లేచి, తలుపు దగ్గరి బల్ల కింద నుంచి వంగి బయట వరండాలోకి వెళ్ళిపోయి, రైలు ఆగేదాకా కింద కార్లు లెక్కపెట్టుకుంటూ నిలబడేవాడు. తండ్రి ఆ నిలబడ్డ వీపుని చూసేవాడు కాదు, కంట్రోలరు మీటనే చూసేవాడు. ఇద్దరూ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఎత్తాల్సి వచ్చింది శాంతిని వల్ల.

శాంతిని కేశవ్ కూతురు. ఇరవై నాలుగేళ్ళు. పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డిప్లొమా చేసి తంజోంగ్ పగార్‌లో ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం చేస్తోంది. అది కేశవ్ స్నేహితుడు చెప్పి వేయించిన ఉద్యోగం. ఆ ఆదివారం భోజనాలయ్యాక ఫోను తీసి బల్ల మీద పెట్టింది. రైలు కంపెనీ నుంచి ఉత్తరం. పట్టాల మరమ్మతు గ్యాంగులో ట్రైనీగా తీసుకుంటున్నారు. రాత్రి రైళ్ళు ఆగాక సొరంగాల్లో పని. వారం గడిచాక వచ్చే సోమవారం పొద్దున్న తొమ్మిదిలోపు ఒప్పుకున్నట్టు జవాబివ్వాలి.

కేశవ్ చదివాడు. ఫోను తిప్పి బోర్లా పెట్టాడు.

"వద్దు."

"డాడీ, హియర్ మీ ఫస్ట్."

"విన్నాను. చదివాను. వద్దు. మా తాత గునపం పట్టాడు, మా అయ్య పట్టాడు. ఆ చెయ్యి చూడు. నేను ఎందుకు చదువుకున్నానో తెలుసా? మన ఇంట్లో ఇంక ఎవరూ అది పట్టకూడదని."

"ఇప్పుడు గునపం లేదు డాడీ, అంతా మెషీన్."

"మెషీనుకి వేళ్ళు కనిపిస్తాయా?"

శాంతిని ఫోను మళ్ళీ వెల్లకిలా తిప్పింది. తల్లి భువన "మీరూ మీరూ తేల్చుకోండి, నన్ను మధ్యలోకి లాగొద్దు" అని ముందే చేతులు దులుపుకుని ఆ వారం పెనాంగ్ పుట్టింటికి వెళ్ళింది. ఈ దేశంలో ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఉద్యోగానికి తండ్రి సంతకం అక్కర్లేదు. ఆ సంగతి శాంతినికీ తెలుసు. కానీ రోజూ ఇంటికి వచ్చి ఎదురుగా కూర్చుని అన్నం తినాల్సింది ఆయనతోనే. ఆయన ఊ అనకుండా చేరను అని తాతకి ముందే చెప్పింది.

"ఒరే కేశవా," అన్నాడు పరశురాముడు. "ఆ సేత్తో నేను ఏసిన వొంపు మీద ఒక్క బండి పట్టా తప్పలేదు. అదేటి సిగ్గు పడాల్సిన పనేటి?"

కేశవ్‌కి ఆ మాట చిన్నప్పటి నుంచి వినీ వినీ విసుగు. విసుగులో అనేశాడు. "ముప్పై ఆరేళ్ళు నిజం పట్టాలేసినవాడివి, ఈ బొమ్మ మూల పధ్నాలుగేళ్ళయినా సరిచెయ్యలేకపోయావు. ఇది పోయి సొరంగంలో చేస్తుందా?"

గౌరమ్మ చాకు ఆగింది. రైలు నడుస్తున్నప్పుడు కూడా ఆగని చాకు అది.

పరశురాముడు లేచి, బల్ల దగ్గరికి వెళ్ళి, ఇంజను ఎత్తి డబ్బాలో పెట్టి మూత వేశాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"వచ్చే ఆదివారం రా. ఆ సోఫాలో కూకో. లెగిసి బయటికి పోకుండా కూకో. మూల కాడ నీకు కుదుపు తగిల్తే పిల్ల ఆపీసులోనే ఉంటాది."

"తగలకపోతే?"

"తగలకపోతే ఆ మాట నోరిప్పి సెప్పు. ఆ తరవాత నీ ఇష్టం."

కేశవ్ నవ్వాడు. మంచి నవ్వు కాదది. "సరే అయ్యా. వస్తాను."

"ఆ మూల నేను వెయ్యను," అన్నాడు పరశురాముడు. "పిల్ల ఏస్తాది."

శాంతిని శుక్రవారం సెలవు పెట్టి, కొత్త ఫ్లెక్సీ ముక్కలు రెండు అట్టపెట్టెలో పట్టుకుని పొద్దున్నే దిగింది. తాత అప్పటికే పాత వంపు ఊడదీసి, బల్ల తుడిచి, బట్టలారేసే వెదురు కర్ర పక్కన చెంబుడు కాఫీ పెట్టుకుని కూర్చున్నాడు.

ముందు దారం చేతికిచ్చాడు. పట్టా పక్కన దారం రెండు కొసలూ ఆనించి లాగి పట్టుకోవాలి. నడుమ దారానికీ పట్టాకీ ఎంత ఎడముందో చూడాలి. ఒక అడుగు జరిగి మళ్ళీ చూడాలి. ఆ ఎడం నెమ్మదిగా పెరగాలి, వంపంతా ఒకేలా ఉండాలి, నెమ్మదిగా తగ్గాలి. నిజం లైన్లో బొటనవేలితో కొలిచేవాళ్ళు. ఇక్కడ బియ్యపు గింజతో.

"వొంపు ఒక్కసారి మొదలెట్టీకూడదు," అన్నాడు. "తిన్నగా పోతన్నోడికి ఇదిగో తిరుగుతాన్నాం అని మెల్లిగా సెప్పుకుంటూ తిప్పాల. వాడికి తెలిసీ తెలియకుండా తిరిగిపోవాల."

"ఎలా చెప్తాం తాతా?"

"మొదట కొంచెం దూరం తిరగనట్టే తిరగాల."

ఇదంతా శాంతినికి చదువులో వచ్చిందే, సూత్రాలతో సహా. కానీ తిరగనట్టే తిరగడం అన్న మాట అందులో లేదు. ఆ మాట విన్నాక పెన్సిలు గీత చెరిపేసి మళ్ళీ గీసింది. వంపుని ఇంకా ముందు నుంచే, దేవుడి అలమర దగ్గర నుంచే మొదలుపెట్టింది. బయటి పట్టా కొంచెం ఎత్తుండాలి కదా, పాత రైలు టికెట్టు కార్డులు సన్నటి పేలికలుగా కత్తిరించి స్లీపర్ల కింద అంటించింది. మొదట అర పేలిక, తర్వాత ఒకటి, తర్వాత రెండు. తాత అరచెయ్యి ఆనించి చూసి తలూపాడు. అంతవరకూ ఇద్దరికీ పేచీ లేదు.

పేచీ అతుకు దగ్గర వచ్చింది.

ఫ్లెక్సీని వంచితే లోపలి పట్టా బయటికి పొడుచుకొస్తుంది. లోపలి దారి చిన్నది కాబట్టి పట్టా మిగులుతుంది. పరశురాముడు ప్రతిసారీ ఆ మిగులు కత్తిరించేసి, రెండు పట్టాల కొసలూ సమానం చేసి, రెండో ముక్క తెచ్చి ఎదురెదురుగా అతికేవాడు. అతని లైను మీద అతుకులు ఎదురెదురుగానే ఉండాలి. దొరలు అలాగే నేర్పారు, అతని తండ్రి అలాగే వేశాడు, ఒక అతుకు బెత్తెడు వెనకబడిందని అతను గ్యాంగుని ఎండలో నిలబెట్టిన రోజులున్నాయి. అందుకని అలవాటుగా కత్తెర తీసి మనవరాలి చేతికిచ్చాడు.

శాంతిని కత్తెర తీసుకుని పక్కన పెట్టింది.

"కట్ చెయ్యను తాతా."

"ఏటి?"

"కట్ చేసి ఎదురెదురు పెడితే రెండు పట్టాలూ ఒకే చోట వీక్ అయిపోతాయి. ఇది ఇనుము కాదు తాతా, స్ప్రింగ్ లా. వంచితే ఉండదు. కొసలు రెండూ తిన్నగా అయిపోదామని చూస్తాయి. అందుకే అక్కడ మోచెయ్యిలా వస్తోంది. లోపలి అతుకు ముందుకి జరుపుతా. వంచకముందే తిన్నగా పెట్టి టంకం వేసేస్తా. రెండు ముక్కల్నీ ఒకే ముక్క చేసి, అప్పుడు వంచుతా."

"అతుకులు ఎనకాముందూ పెడతావా?"

"యెస్."

"నా లైన్లోనా?"

"తాతా..."

"ముప్పై ఆరేళ్ళు!" అన్నాడు పరశురాముడు. మెడ నరం లేచింది. "ముప్పై ఆరేళ్ళు ఒక్క బండి..."

"ఐ నో తాతా. ఒక్క బండి పట్టా తప్పలేదు. కానీ ఈ మూల?"

అతను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. లిఫ్టు కోసం ఆగకుండా నాలుగంతస్తులు మెట్లు దిగి, మోకాలు అడ్డం తిరిగాక లిఫ్టు ఎక్కాడు. కింద కాఫీ షాపులో రోజూ కూర్చునే బల్ల మీద ఎవరో కాగితపు రుమాళ్ళ పొట్లం పెట్టి ఆ చోటు తమదని చోపు చేసుకున్నారు. మామూలుగా అయితే పక్కకి తోసేవాడు. ఆ రోజు వేరే బల్ల వెతుక్కున్నాడు. కోపి, అంటే అక్కడి కాఫీ, వచ్చింది, చల్లారింది, మీద మీగడ కట్టింది.

ఆలోచిస్తే కోపం కొడుకు మీద రాలేదు, పిల్ల మీదా రాలేదు. లారీల మీద వంగి పడుకున్న ఆ పాత పట్టాలే కళ్ళ ముందు మెదిలాయి. ఆ పట్టా మాట వింటుంది. గునపంతో చెప్పినచోట ఉంటుంది, దాని బరువే దాన్ని పట్టుకుంటుంది. ఈ పట్టాకి బరువు లేదు. రాత్రి ఎలా వదిలి పడుకుంటే పొద్దున్నకి అలా ఉండదు. ఇది వేరే పట్టా. పధ్నాలుగేళ్ళుగా దీన్ని ఆ పట్టా అనుకుని దబాయిస్తున్నాడు. పిల్ల మాత్రం దీన్నే చూసింది.

అరవై ఏళ్ళ కింద ఇలాంటి మాట తండ్రితో అంటే చెంప పగిలేది. తను ఆ చెంపదెబ్బ ఎవరికీ ఇవ్వలేదు, కానీ కాఫీ షాపుకి వచ్చేశాడు. అదీ దాదాపు అలాంటిదే అనిపించింది. చల్లారిన కోపి ఒక్క గుక్కలో తాగేసి లేచాడు.

అతను తిరిగి వచ్చేసరికి వంటింటి గచ్చు మీద రెండు గజాల ఒకే పట్టా పడుకుని ఉంది. శాంతిని మోకాళ్ళ మీద కూర్చుని ఆఖరి అతుకు మీద టంకం ఊదుతోంది. గౌరమ్మ తడిగుడ్డ పట్టుకుని పక్కన కాపలా ఉంది, గచ్చు కాలుతుందని. లోపలి అతుకు బయటి దానికంటే మూడు వేళ్ళు ముందుంది.

అతను చెప్పులు విడిచి పట్టా పక్కన వంగాడు. మనవరాలు ఒక కొస పట్టుకుంది, అతను రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని పామునెత్తినట్టు ఎత్తి తెచ్చి, పెన్సిలు గీత మీద దించి, తిరగనట్టే తిరుగుతూ వంచారు. శాంతిని గుండుసూదులు గుచ్చుకుంటూ వచ్చింది. అప్పుడు అతను చెక్క మీద చెంప ఆనించి, ఒక కన్ను మూసి పట్టా వెంట చూశాడు.

మోచెయ్యి లేదు.

రెండోసారి చూశాడు. పట్టా మీద ట్యూబులైటు వెలుతురు సన్నటి దారంలా సాగిపోయి, మూల తిరిగి, ఎక్కడా తెగకుండా అవతలికి వెళ్ళిపోయింది.

"ఒక పెట్టి తే," అన్నాడు.

పెట్టె తెచ్చింది. అతను వేలితో తోశాడు. అది తిరుగుతుంటే ఇద్దరి ఒళ్ళూ కొంచెం బరువెక్కి, మళ్ళీ తేలికయ్యాయి. అంతే.

"ఎలా ఉంది తాతా?"

"మీ మామ్మనడుగు," అని షెల్టరు తలుపు తీసి ఏదో వెతుకుతున్నట్టు లోపలికి వెళ్ళాడు. బియ్యం బస్తా, పాత ఫ్యాను తప్ప అందులో వెతకడానికేమీ లేదు. కాసేపు అక్కడే నిలబడి, ముక్కు చీదుకుని వచ్చాడు.

ఆదివారం కేశవ్ పదిన్నరకే వచ్చాడు. జేబులో వాంతి మాత్ర ఉంది, వేసుకోలేదు. వేసుకుంటే పందెంలో మోసం అనుకున్నాడు. అతను అలాంటి మనిషి. సోఫాలో కూర్చుని రెండు చేతులూ గట్టిగా ఆనించాడు. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

పదకొండుకి పరశురాముడు మీట కదిపాడు. హాలు మెల్లిగా ముందుకి సాగింది. వంతెన మీద అరికాళ్ళు దడదడలాడాయి. దేవుడి అలమర దాటింది. గౌరమ్మ బొటనవేలు సోఫా కోడుకి మెలిపెట్టింది. కేశవ్ పళ్ళు బిగించాడు.

వీధి తలుపు వచ్చింది. తర్వాత కిటికీ.

కేశవ్ పళ్ళు ఇంకా బిగించే ఉన్నాడు.

రెండో చుట్టులో అతను తల తిప్పి షెల్టరు మూల కేసి చూశాడు. రైలు ఆ మూలలోంచి బయటికి వస్తోంది. ఏదీ అన్నట్టు తల్లి వంక చూశాడు. గౌరమ్మ తన కాలి వంక చూసుకుంటోంది. మూడో చుట్టులో ఆవిడ వేలు విప్పేసింది. నాలుగో చుట్టులో కేశవ్ చేతులు సోఫా మీద నుంచి ఒళ్ళోకి జారాయి. ఆరో ఏడో చుట్టులో తల వెనక్కి వాలింది. పదో చుట్టుకి నోరు కొద్దిగా తెరుచుకుంది.

పుట్టి బుద్ధెరిగాక కేశవ్ ఏ రైల్లోనూ నిద్రపోలేదు. ఆఫీసుకి కూడా నిలబడే వెళ్తాడు, స్తంభం పట్టుకుని.

శాంతిని తాత వంక చూసింది. తాత పెదవుల మీద వేలు పెట్టాడు, కణుపు లేని వేలు.

ఇంతలో ఇనప గేటు దగ్గర చప్పుడు. రొహానీ. చేతిలో గరిటె ఉంది.

"పాక్చిక్! టుడే నో ట్రెయిన్ ఆ? నేను పదకొండు నుంచి పొయ్యి కట్టేసి కూర్చున్నా."

పాక్చిక్ అంటే బాబాయి. ఆవిడ మలయు భాషలో ఇంగ్లీషు కలిపి అడిగిందాన్ని తెలుగులో రాస్తే అంతే వస్తుంది. పరశురాముడు పట్టాల కేసి వేలు చూపించాడు. సరిగ్గా ఆవిడ కళ్ళ ముందు నుంచే, తలుపుకి అడ్డంగా, ఇంజనూ ఆరు పెట్టెలూ వెళ్ళిపోయాయి. ఆవిడ రైలుని చూసింది, సోఫాలో కేశవ్‌ని చూసింది, పట్టాల వంక చూసింది. "అలామా," అని గొణిగి, చెప్పులు చప్పుడు కాకుండా మెట్ల వైపు వెళ్ళింది. ఆ పూట పదో అంతస్తులో రైలు నడుస్తుండగానే పొయ్యి వెలిగింది.

రైలు తిరుగుతూనే ఉంది. శాంతిని ఫోను తీసి ఉత్తరం తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"ఆయన లేచి తగిలింది అంటే?" గుసగుసగా అడిగింది.

"తగిల్తే లెగుస్తాడు కదే. లెగలేదుగా."

"నోటితో చెప్పాలిగా తాతా. మాట అది."

"అయితే కూకో. నీ పట్టా మీద నీకు నమ్మకముంటే కూకో."

ఆమె కూర్చుంది. గౌరమ్మ చారు పోపు పెట్టింది, రైలు నడుస్తుండగా ఆ ఇంట్లో మొదటిసారి. ముప్పావు గంట గడిచింది. ఇంజను వేడెక్కుతుందని పరశురాముడు వేగం తగ్గించాడు కానీ ఆపలేదు. కొడుకు ముఖం అంత విప్పారి ఉండగా చూసి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. కుదుపులు మానితే మనిషి ముఖం ఇలా ఉంటుందా అనుకున్నాడు.

కేశవ్ కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నాడో ఒక క్షణం తెలియలేదు.

"ఎందాకా వచ్చాం?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అతనే చుట్టూ చూసి, గడియారం చూసి, చొక్కా సర్దుకున్నాడు. ముఖం ఎర్రబడింది. లేచి, రైలు తిరుగుతుండగానే నడుచుకుంటూ షెల్టరు మూలకి వెళ్ళి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వేలు పెట్టి చూపించాడు.

"అయ్యా, అతుకులు ఎదురెదురుగా లేవేం?"

ఆ మాటకి పరశురాముడి చెయ్యి మీట మీద ఆగిపోయింది. వీడికి ఈ సంగతి ఎప్పుడు తెలిసింది? ఎన్నడూ లైను మీదకి రానివాడు, పట్టాల మాటొస్తే లేచిపోయేవాడు! అన్నం దగ్గర తను గ్యాంగు కబుర్లు చెప్పుకున్నప్పుడల్లా పుస్తకంలో తల దూర్చి కూర్చున్న పిల్లాడు విననట్టే వింటూ వచ్చాడన్నమాట.

"అది నేను ఏసింది కాదురా," అన్నాడు. గొంతు సవరించుకుని, కాఫీ షాపులో అందరికీ వినపడేలా చెప్పే ఆ గొంతుతోనే మళ్ళీ చెప్పాడు. "నా రూలు తప్పని, నా ఎదురుగా నిలబడి సెప్పి, నీ కూతురేసింది. నాకు చేతకాలేదు. దానికైంది."

శాంతిని తల దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

కేశవ్ ఇంకా వంగే ఉన్నాడు. రైలు వచ్చి అతని ముక్కు ముందు నుంచి తిరిగి వెళ్ళింది. అతను ఒరగలేదు, దేన్నీ పట్టుకోలేదు. నడుము నిటారు చేసి కూతురి వైపు తిరిగాడు.

"ఎప్పటి నుంచి రమ్మన్నారు?"

"ఫస్ట్ నుంచి డాడీ. మొదటి నెలంతా నైట్ షిఫ్టే."

"అయితే మీ అమ్మకి ఫోను చేసి చెప్పు. నువ్వు డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాక మధ్యాహ్నం దాకా ఇంట్లో మిక్సీ వెయ్యకూడదు. టీవీ పెట్టకూడదు. గిన్నెలు చప్పుడు చెయ్యకూడదు. కిటికీలకి నల్ల కర్టెన్లు కట్టాలి, వెలుతురుంటే నిద్ర పట్టదు." అతను ఆగి తండ్రి వంక చూశాడు. "మీ తాత రాత్రి పని చేసి వచ్చి పగలు పడుకుంటే, చిన్నప్పుడంతా నేను మునివేళ్ళ మీదే నడిచాను. ఎలా నడవాలో మీ అమ్మకి నేను చూపిస్తాను."